బోటుకు పార్కింగు

దిబ్బలరేవు పంచాయతీగా ఉన్నన్నాళ్ళూ అక్కడ ఇల్లు కట్టుకోవడం పెద్ద విషయం కాదు. ఇటుకలు తోలించుకునేవాళ్ళు, కట్టుకునేవాళ్ళు. ఊరు పురపాలక సంఘం అయ్యాక ఒక కమిషనరు వచ్చాడు, ఆయన వెంట ఒక ఆశయం వచ్చింది. పార్కింగు సమస్య లేని మొట్టమొదటి తీర పట్టణంగా దిబ్బలరేవును తీర్చిదిద్దుతానని ఛార్జి తీసుకున్న రోజే ప్రకటించాడు. అప్పటికి ఊళ్ళో ఉన్న కార్లు నాలుగు. ఒకటి కమిషనరు గారిదే. ఇంకొకటి ఏళ్ళ తరబడి కదల్లేదు, దాని ముందు సీట్లో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

"సమస్య వచ్చాక పరిష్కరించేది పాత పరిపాలన. రాకముందే పరిష్కరించేది మన పరిపాలన" అన్నాడాయన. ఆ మాట రాయించి ఆఫీసు గుమ్మానికి కట్టారు. దరఖాస్తుదారుడి కుటుంబం పేరు మీద ఎన్ని వాహనాలు ఉన్నాయో అన్నింటికీ సొంత స్థలంలో పార్కింగు చూపిస్తే తప్ప ఇంటికి అనుమతి ఇవ్వకూడదని కౌన్సిలు తీర్మానం కూడా చేసింది.

ఈ తీర్మానం సంగతి మైలపిల్లి నూకరత్నానికి తెలియదు. తెలిసినా ఆమె కంగారు పడేది కాదు. ఆమె ఎండుచేపలు అమ్ముతుంది, నెత్తి మీద తట్టతో నడిచి వెళుతుంది. మొగుడు ఎల్లాజీ చేపల వేటకు పోతాడు. ఇంట్లో సైకిలు కూడా లేదు.

కిందటేడు తుఫానుకి వాళ్ళ ఇంటి రేకులు లేచిపోయాయి, గోడ నెర్రెలు విచ్చింది. మళ్ళీ కట్టుకుందామని ప్లాన్లు గీసే దాలినాయుడి దగ్గరికి వెళితే, ఖాళీ స్థలం ఫోటో జతపరిస్తేనే దరఖాస్తు తీసుకుంటారని చెప్పాడు. నిలబడి ఉన్న రెండు గోడలూ వాళ్ళే కూలగొట్టుకున్నారు. రెండున్నర సెంట్ల స్థలం ఖాళీ అయింది. నూకరత్నం, ఎల్లాజీ, అతని తల్లి అసిరమ్మ, ముగ్గురూ ఎల్లాజీ తమ్ముడి ఇంటి అరుగు మీదికి చేరారు. తోటికోడలు మొదటి వారం కూర వండి పెట్టింది. రెండో వారం కూర గిన్నె మీద మూత పెట్టింది. మూడో వారం ఆ మూత మీద రోకలి పెట్టింది.

"నెల్లాళ్ళలో అనుమతి వొచ్చేస్తాదంట అత్తా" అని నూకరత్నం అసిరమ్మకి ధైర్యం చెప్పింది. అది జూను ఆఖరు.

జులై ఆఖర్లో టౌన్ ప్లానింగ్ అధికారి కూర్మారావు గారు కబురు పెట్టాడు. సన్నగా, మర్యాదగా ఉండే మనిషి. ఎవరినీ కసురుకోడు. కసురుకోవలసిన పని నిబంధనలే చేస్తాయని ఆయన నమ్మకం.

"అమ్మా, మీరు వాహనముల గడిలో 'లేవు' అని రాశారు" అన్నాడు.

"లేవు బాబూ."

"మీ భర్త గారి ఆధారు సంఖ్యను కంప్యూటరు నందు నమోదు చేయగా, ఆయన పేరిట రిజిస్టరు అయిన వాహనము ఒకటి కనబడుచున్నది. పొడవు ఇరవై ఎనిమిది అడుగులు. వెడల్పు ఏడు అడుగులు."

నూకరత్నం ఎల్లాజీ వైపు చూసింది. ఎల్లాజీ కాసేపు ఆలోచించి, "అది బోటు కదా బాబూ" అన్నాడు.

"జలవాహనము" అన్నాడు కూర్మారావు సరిదిద్దుతూ. "నిబంధనలో వాహనము అని మాత్రమే ఉన్నది. ఏ దారిన నడవవలెనో నిబంధన చెప్పలేదు."

"అది ఇసకలో ఉంటాది బాబూ. తాతల కాడి నుంచీ ఒడ్డు మీదే ఉంటన్నాయి బోట్లు."

కూర్మారావు కలం కింద పెట్టాడు. "ఒడ్డు ఎవరిదమ్మా? ప్రభుత్వ స్థలము. ప్రభుత్వ స్థలమున వాహనము నిలుపుట అక్రమ పార్కింగు. ఈ సంగతి మీరే నాకు చెప్పినారు కనుక ఇక నేను చూడనట్లు ఊరుకొనుటకు వీలులేదు."

మర్నాడు పొద్దున్నే మునిసిపాలిటీ మనిషి జిగురు డబ్బా పట్టుకుని రేవుకి వెళ్ళి, ఒడ్డున ఉన్న అరవై రెండు బోట్లకూ నోటీసులు అంటించాడు. తడికి సగం ఊడిపోయాయి. మిగిలిన సగం జనం చదివి, ఇదంతా ఎవరి దయో తెలుసుకుని, ఆ వారమంతా నూకరత్నంతో మాట్లాడలేదు.

దాలినాయుడు ప్లాను మార్చి గీశాడు. స్థలంలో బోటు పెట్టి, చుట్టూ వదలవలసిన ఖాళీలు వదిలితే ఇంటికి మిగిలింది రైలుపెట్టంత సందు. "ఇందులో ముసలమ్మ కాళ్ళు చాపితే మీరు బయటికెళ్ళాలి" అని చెప్పి, ఆ కాగితం చింపి, ఇంకోటి గీశాడు. కింద స్తంభాలు, స్తంభాల మధ్య బోటు, పైన ఇల్లు. చూడ్డానికి బాగానే ఉంది. అసిరమ్మ ఒక్కతే మెట్లు లెక్కపెట్టి నిట్టూర్చింది.

కూర్మారావు ఆ ప్లాను చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"పార్కింగు చక్కగా ఉన్నది. కానీ వాహనము లోపలికి వచ్చిన పిమ్మట వెనుకకు తిరుగుటకు చాలినంత స్థలము కనబడుట లేదు. ముందుకు వచ్చినది ముందుకే వెళ్ళవలెను."

"దానికి తిరగక్కర్లేదు బాబూ" అన్నాడు ఎల్లాజీ. "ఒడ్డు మీద దాన్ని మేం మోసుకొస్తాం. మళ్ళీ తీసుకెళ్ళాలంటే మేం అటు తిరిగితే సరిపోద్ది."

ఈ సమాధానం కూర్మారావుకి నచ్చింది. ఆయన దాన్ని అక్కడికక్కడే దస్త్రంలో రాసుకున్నాడు: 'సదరు వాహనము తిరగనవసరము లేదు. మోయువారు తిరుగుదురు.' కింద గీత గీసి, "అయితే మీ సందు వెడల్పు తొమ్మిది అడుగులు. వాహనము మీ స్థలము వరకు రాగలదని ప్రత్యక్షముగా నిరూపింపవలెను" అన్నాడు.

మాట్లాడటం మానేసిన వాళ్ళ ఇళ్ళకే నూకరత్నం వెళ్ళింది. గడప గడపకీ వెళ్ళి, ఇవాళ నాది, రేపు మీదీ ఇదే గతి, ఒక్కపాలి నా బోటు మొయ్యండి, దారి ఉందో లేదో అందరికీ తెలుస్తాది అని అడిగింది. ఆ మాట నిజమేనని తోచి ఇరవైనాలుగు మంది మగాళ్ళు వచ్చారు. ఇంజిను విప్పి, బోటు కింద వెదుళ్ళు పెట్టి భుజాలకెత్తుకున్నారు. హైలెస్సా అనుకుంటూ రేవు దాటించారు, రేషన్ షాపు మలుపు తిప్పారు, సందులోకి దూర్చారు. ఆడవాళ్ళు ముందు నడుస్తూ ఆరేసిన బట్టలు తీశారు, అరుగుల మీద పడుకున్న ముసలివాళ్ళని లేపారు. ఒక ఇంటి చూరు విరిగింది, ఒకాయన భుజం చెక్కుకుపోయింది. పొద్దెక్కేసరికి బోటు నూకరత్నం స్థలంలో, ఒకప్పుడు వంటిల్లు ఉన్న చోట, కూర్చుంది.

కూర్మారావు టేపు పట్టుకుని అన్ని వైపులా కొలిచాడు. ముక్కు నుంచి గేటు ఉండబోయే చోటికి అయిదడుగులు. సంతృప్తిగా తలాడించాడు.

నాలుగో రోజున కమిషనరు గారు స్వయంగా వచ్చాడు. బోటు చుట్టూ రిబ్బను కట్టారు. ఆయన కత్తిరించాడు, ఫోటోలు తీశారు. పట్టణంలో మొట్టమొదటి అధికారిక పార్కింగు ఇదేనని చెప్పి, "ఇకపై మన పట్టణములో ఏ పడవ కూడా అనాథ వలె ఇసుకలో పడి ఉండదు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఎల్లాజీ చేతులు కట్టుకుని ముందుకొచ్చి, "మరి వేటకెప్పుడు తీసుకెళ్ళాల బాబూ?" అని అడిగాడు.

కమిషనరు కూర్మారావు వైపు చూశాడు.

"ఇంటి అనుమతి వచ్చు వరకు పార్కింగు నందు వాహనము ఉండవలెను" అని కూర్మారావు వివరించాడు. "తనిఖీ సమయమున పార్కింగు ఖాళీగా ఉన్న యెడల, పార్కింగు చూపలేదని భావించి దరఖాస్తు రద్దగును."

అలా ఎల్లాజీ బోటు ఊళ్ళో, ఎల్లాజీ ఇంకొకడి బోటులో కూలికి సముద్రం మీద. ఇరవై ఏళ్ళుగా తన బోటుకి తనే పెద్ద. ఇప్పుడు వాడెవడో "తెడ్డందుకోరా" అంటే అందుకుంటున్నాడు. సాయంత్రం వచ్చి తన బోటు చుట్టూ ఒకసారి తిరిగి, చేత్తో తట్టి, తమ్ముడి అరుగు మీదికి వెళ్ళి పడుకునేవాడు. సముద్రంలో ఏ గాలివానకీ వంగని మనిషి అలా అయిపోవడం చూసినప్పుడల్లా నూకరత్నం మర్నాడే వెళ్ళి ఆఫీసు బల్ల మీద కూర్చునేది.

సెప్టెంబరులో జవాబు వచ్చింది. రెండు కాగితాలు. ఒకటి పార్కింగుకి, ఆమోదం. రెండోది ఇంటికి. అది రాజధానిలో ఉన్న తీర నిర్మాణాల పరిశీలక సంఘం దాకా వెళ్ళి వచ్చింది. కూర్మారావు దాన్ని నెమ్మదిగా చదివి వినిపించాడు.

"'సదరు స్థలము సముద్రమునకు సమీపమున ఉన్నందున నూతన నివాస గృహమునకు అనుమతి లేదు. పడవలు నిలుపు సదుపాయమునకు అభ్యంతరము లేదు.'"

"అంటే?"

"పార్కింగు ఉండవచ్చును. ఇల్లు ఉండరాదు."

"ఇంటి కోసమే కదా బాబూ పార్కింగు అన్నారు?"

"అవును."

"మరి ఇల్లే లేకపోతే పార్కింగు ఏటికి?"

కూర్మారావు ఆ ప్రశ్నను గౌరవంగా విన్నాడు. "ఈ ప్రశ్నకు ఏ ఉపనిబంధనలోనూ సమాధానము లేదమ్మా. మీరు మరల విన్నవించుకొనవచ్చును. దస్త్రము తెరిచే ఉంచెదము. అంతవరకు బోటు మాత్రము తీయవద్దు."

ఆ వారమే వానలు పట్టుకున్నాయి. తమ్ముడి అరుగు మీదికి జల్లు కొట్టింది. తోటికోడలు తలుపు వేసేసుకుంది. ఒక మధ్యాహ్నం, అసిరమ్మ తడిసిన చాప చుట్టుకుని చంకన పెట్టుకుని లేచింది.

"ఒలే నూకరత్నం, నన్ను బోటెక్కించు."

"ఏటత్తా, ఎక్కడికి?"

"మనిల్లు అక్కడే కదా ఉండీది. వంటిల్లు కాడ బోటుంది. నాను ఎల్లి నా వంటింట్లో పడుకుంటాను."

ముసలామెని ఎత్తి బోటులో కూర్చోబెట్టారు. పైన టార్పాలిన్ కట్టారు. రెండు రోజులకి నూకరత్నం, ఎల్లాజీ కూడా అందులోకే చేరారు. ముందు భాగంలో అసిరమ్మ చాప, మధ్యలో బట్టల మూట, గిన్నెలు, వెనక ఇంజిను ఉండే చోట పొయ్యి. నీళ్ళు కిందికి చేరేవి కావు. తమ్ముడి అరుగు కంటే వెయ్యి రెట్లు నయం. వాన తగ్గాక ఇరుగు పొరుగు వచ్చి బోటంచున మోచేతులానించి కబుర్లు చెప్పేవారు.

పది రోజులకి కూర్మారావు తనిఖీకి వచ్చాడు. గొడుగు కింద నిలబడి, బోటులోంచి పైకి లేస్తున్న చారు ఆవిరి చూశాడు.

"పార్కింగు స్థలమున నివాసముండుట తీవ్రమైన ఉల్లంఘన అమ్మా."

నూకరత్నం గరిటె పక్కన పెట్టింది. మూడు నెలలుగా ఆఫీసు బల్ల మీద కూర్చుని కూర్చుని ఆమెకి ఈ భాష కొంచెం పట్టుబడింది.

"పార్కింగులో మేం లేం బాబూ. పార్కింగులో బోటుంది. బోటులో మేం ఉన్నాం."

కూర్మారావు చంకలోని నిబంధనల పుస్తకం తీసి, గొడుగు ఎల్లాజీ చేతికిచ్చి, అక్కడే పేజీలు తిప్పాడు. పార్కింగులో దుకాణం ఉండకూడదు. గోదాము ఉండకూడదు. పశువులు ఉండకూడదు. వాహనం ఉండాలి. నిలిపిన వాహనంలో యజమాని కూర్చోకూడదని ఎక్కడా లేదు. ఎంతసేపు కూర్చోవచ్చో కూడా లేదు.

"మీ వాదనలో బలమున్నది" అన్నాడు చివరికి, కాస్త మెచ్చుకోలుగానే. తనిఖీ పుస్తకంలో 'నివాసమున్న వాహనము. ఉల్లంఘన లేదు' అని రాశాడు.

ఆ మాట రెవెన్యూ విభాగం కంట పడింది. నివాసం ఉన్నచోట డోరు నంబరు ఉండాలన్నది వాళ్ళ నిబంధన. లేకపోతే వాళ్ళ మీద విచారణ వస్తుంది. అక్టోబరులో ఒకతను రంగు డబ్బాతో వచ్చి, బోటు ముక్కు మీద, రిజిస్టరు నంబరు పక్కన, 4-17 అని రాశాడు. తలుపు ఎక్కడని అడిగితే అసిరమ్మ టార్పాలిన్ ఎత్తి చూపించింది. అతను నూకరత్నం చేతికి కాగితం ఇచ్చాడు. 'డోరు నంబరు 4-17. స్వభావం: నివాస గృహము. అంతస్తులు: ఒకటి.'

ఆ కాగితం నూకరత్నం నాలుగైదు సార్లు చదివింది. ఎనిమిదో తరగతి దాకా చదువుకున్న మనిషి. చదవడం పూర్తయ్యాక కాగితం వెనక్కి తిప్పింది. వెనక సన్న అక్షరాల్లో ఏదో అచ్చువేసి ఉంది. ఇలాంటివి ఎవరూ చదవరు. బోటులో వానకి కూర్చున్న మనిషికి వేరే పనేముంది, చదివింది.

మర్నాడు కూర్మారావు ముందు నిలబడి ఆ కాగితం బల్ల మీద పరిచింది.

"డోరు నంబరున్న పాత ఇంటికి మరమ్మతు సేసుకుంటే మీ ఆఫీసులోనే అనుమతి ఇస్తారంట. రాజధానికి ఎల్లక్కర్లేదంట. పార్కింగు కూడా సూపించక్కర్లేదంట. నిజమేనా బాబూ?"

"నిజమే. మరమ్మతుకు ఆ షరతులు వర్తించవు."

"అయితే మా ఇంటికి మరమ్మతు సేసుకుంటాం."

"ఏ ఇంటికమ్మా?"

"4-17."

కూర్మారావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పక్క బల్లల వాళ్ళు పనిచేస్తున్నట్టు కనిపించడం ఆపారు.

"మరమ్మతు ఏ మేరకు?"

"గోడలు లేవు బాబూ. కప్పు లేదు. గచ్చు లేదు. గుమ్మం లేదు. ఇంటికి ఉండాల్సినయ్యేవీ ఆ ఇంటికి లేవు. అయ్యి పెట్టించుకుంటాం."

"లోపించిన భాగములను పునరుద్ధరించుట మరమ్మతు క్రిందకే వచ్చును" అన్నాడు కూర్మారావు నెమ్మదిగా, తనలో తను చెప్పుకుంటున్నట్టు. తర్వాత ముఖం విప్పారింది. "అయితే మీ పాత దరఖాస్తు ఉపసంహరించుకొందురు కదా?"

"ఉపసంహరించేసుకుంటాను."

నాలుగు నెలలుగా నెల నెలా పెండింగు జాబితాలో ఆయన సంజాయిషీ రాసుకుంటున్న దస్త్రం అది. దాన్ని మూసే అవకాశం ఆయనకి దీపావళిలా తోచింది. మూడో రోజుకి అనుమతి చేతికొచ్చింది: 'డోరు నంబరు 4-17 గల గృహమునకు మరమ్మతులు: గోడలు నాలుగు, శ్లాబు ఒకటి, గుమ్మములు రెండు, కిటికీలు మూడు.'

మరమ్మతు కాలంలో ఇల్లు ఖాళీ చేయాలని అందులో ఉంది. పాత దరఖాస్తు లేదు కనుక పార్కింగు షరతూ లేదు. ఇరవైనాలుగు మందీ మళ్ళీ వచ్చారు. ఈసారి పిలవకుండానే వచ్చారు. బోటు సందులోంచి అవతలికి వెళుతుంటే ఎల్లాజీ అందరికంటే ముందు భుజం పెట్టాడు. నీళ్ళు తగలగానే అది ఊగింది. అతను ఎక్కి, ఇంజిను బిగించి, ఒక్క లాగు లాగితే పలికింది. ఆ పూట వాళ్ళ సందులో ప్రతి ఇంట్లోనూ చేపల పులుసే.

ఒడ్డున ఉన్న మిగతా బోట్లకు నోటీసుల గొడవ ఏమైందంటే, అవి రాసిన గుమాస్తా బదిలీ అయ్యాడు, కొత్తవాడికి జిగురు మంజూరు కాలేదు.

ఇల్లు మార్చికి పూర్తయింది. ఒక గది, ఒక వంటిల్లు, ముందు వరండా. మెట్లు రెండే. ఇల్లు పూర్తయినట్టు ధ్రువపత్రం కోసం కూర్మారావు తనిఖీకి వచ్చి, గోడలు తట్టి చూసి, కిటికీలు లెక్కపెట్టి, ఇల్లంతా రెండుసార్లు తిరిగాడు.

"అన్నీ సక్రమముగా ఉన్నవి. కానీ అమ్మా, మరమ్మతు చేసిన ఇంటిలో పాత ఇంటి భాగము కొంతైనా ఉండవలెను కదా. అది కనబడుట లేదే."

"అది వేటకెళ్ళింది బాబూ. పన్నెండింటికి వొస్తాది."

ఆయన గడియారం చూసుకున్నాడు. పదకొండున్నర. ఆయనకి ఇంకో తనిఖీ ఉంది. కాసేపు ఆలోచించి, 'పాత భాగము జీవనోపాధి నిమిత్తము తొలగించబడినది' అని రాసి సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం అసిరమ్మ వరండాలో గోడకి వీపు ఆనించి కూర్చుంది. ఆనుకోవడానికి సొంత గోడ లేక తొమ్మిది నెలలైంది.

ధ్రువపత్రం వారానికి వచ్చింది. ఇంటి వివరాలను కంప్యూటరు 4-17 అన్న నంబరు చూసి పాత బోటు నమోదులోంచే తీసుకుంది. అందువల్ల కింద షరతులు కొన్ని అచ్చయి వచ్చాయి. ఈ గృహము తీరము నుండి పన్నెండు నాటికల్ మైళ్ళు దాటి వెళ్ళరాదు. గృహమునందు ప్రయాణించు ప్రతి వ్యక్తికీ లైఫ్ జాకెట్టు ఉండవలెను. వేట నిషేధ కాలమున గృహము ఒడ్డునే ఉండవలెను. దాలినాయుడు అది చదివి, సరిచేయించమంటావా అని అడిగాడు. నూకరత్నం ఆ మాట పూర్తి కాకముందే కాగితం లాక్కుని ఫ్రేము కట్టించింది. ఆ ఆఫీసులో మళ్ళీ సరిచేయించడం అంటే ఏమిటో ఆమెకి తెలుసు.

ఏప్రిల్ పదిహేనున వేట నిషేధం మొదలైంది. బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టడానికి మత్స్యశాఖ నుంచి ఒక కుర్ర అధికారి జాబితా పట్టుకుని వచ్చాడు. రేవులో కొన్ని బోట్లు చూసుకుని, జాబితాలో ఎల్లాజీ బోటుకు పడిన 4-17 వెతుక్కుంటూ సందులోకి వచ్చి, ఆ ఇంటి ముందు ఆగాడు. జాబితా చూశాడు, ఇల్లు చూశాడు, మళ్ళీ జాబితా చూశాడు. అసిరమ్మ వరండాలోంచి రా బాబూ అని పిలిచి, మంచినీళ్ళు ఇప్పించింది.

అతను నీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడ మీద అరచెయ్యి ఆనించి ఒకసారి గట్టిగా నెట్టాడు. కదల్లేదు.

'ఒడ్డునే ఉన్నది' అని రాసుకుని, తర్వాతి నంబరు వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.